ఎనిమిది రాత్రుల్లో ఫ్రాన్స్ పాత నగరాలు: పెద్దవాళ్లతో వెళ్తుంటే ప్లాన్ ఎలా వేసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మే నెలలో మీరిద్దరూ, మీ అమ్మానాన్నలూ హైదరాబాద్ నుంచి ఫ్రాన్స్ వస్తున్నారు. పెద్దవాళ్లిద్దరికీ 65 దాటాయి. చేతిలో ఉన్నవి 8 రాత్రులు. పారిస్‌తో పాటు మోన్ సేన్ మిషెల్, స్ట్రాస్‌బర్గ్, కర్కసోన్, అవిన్యోన్, నీస్ చూడాలని లిస్టు రాసుకున్నారు. ఇదంతా కుదురుతుందా, కారు మంచిదా రైలు మంచిదా, శాకాహారులకు తిండి ఎలా అన్నవి మీ సందేహాలు.

ముందే చెప్పేస్తానండి, ఆ లిస్టు 8 రాత్రుల్లో కుదరదు. మీరిద్దరే అయితే ఎలాగో పరుగులు పెట్టి చూసొస్తారు, పెద్దవాళ్లతో మాత్రం వద్దు. నా సలహా: లియోన్‌లో 2 రాత్రులు, అవిన్యోన్‌లో 3, చివర పారిస్‌లో 3. ప్రయాణమంతా రైల్లోనే. ఆర్ల్ ఊరు, పోన్ దు గార్ అనే రోమన్ల నీటి వంతెన అవిన్యోన్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడమే. మూడే హోటళ్లు. రోమన్ల కాలం, కేథలిక్ మతపెద్దలైన పోపుల కాలం, పట్టు నేతగాళ్ల కాలం, మూడూ ఒకే రోన్ నది దారిలో దొరుకుతాయి.

నేను లియోన్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. ఏటా వేసవిలో మా వైపు నుంచో అత్తగారి వైపు నుంచో ఎవరో ఒకరు వస్తారు. వాళ్లందరికీ ప్లాన్లు వేసి, చాలాసార్లు వెంట తిరిగి నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

మీ లిస్టులోని ఊళ్లు మ్యాపులో ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకసారి చూడండి. మోన్ సేన్ మిషెల్ వాయవ్యంలో సముద్రం ఒడ్డున, స్ట్రాస్‌బర్గ్ తూర్పున జర్మనీ సరిహద్దులో, కర్కసోన్ దక్షిణాన స్పెయిన్ వైపు, నీస్ ఇటలీ పక్కన. మోన్ సేన్ మిషెల్‌కు పారిస్ నుంచి రెన్ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. స్టేషన్లలో ఆగే సమయం కలిపితే ఒకవైపుకే దాదాపు నాలుగు గంటలు. పారిస్ నుంచి కర్కసోన్‌కు ఐదు గంటల పైనే. నీస్‌కు కూడా అంతకు తక్కువ కాదు. స్ట్రాస్‌బర్గ్‌కు రెండు గంటలలోపే వెళ్లిపోవచ్చు కానీ అది మిగతా అన్నిటికీ ఎదురు దిక్కు.

రైలు సమయం ఒక్కటే లెక్క వేసుకుని చాలామంది ఇక్కడే పొరబడతారు. హోటల్ పొద్దున పదకొండింటికల్లా ఖాళీ చేయమంటుంది. కొత్త హోటల్ మధ్యాహ్నం మూడింటికి గాని గది ఇవ్వదు. మధ్యలో నలుగురి సామాను, స్టేషను, రైలు, మళ్లీ దారి వెతుక్కోవడం. హోటల్ మారిన ప్రతిసారీ ఒక పూట పోయినట్టే. ఐదు హోటళ్లంటే ఎన్ని పూటలు పోతాయో మీరే లెక్క వేసుకోండి.

రెండేళ్ల కిందట మా దగ్గరి బంధువులు ఏడు రాత్రుల్లో ఐదు ఊళ్లు పెట్టుకున్నారు. కర్కసోన్ చేరేసరికి సాయంత్రం నాలుగైంది. పెద్దాయన మోకాళ్లు అప్పటికే వాచిపోయి ఉన్నాయి. కోట కింద గేటు దగ్గర బెంచీ మీద కూర్చుండిపోయారు. మిగతావాళ్లు ఆయన్ని వదిలి పైకి వెళ్లలేకపోయారు. అంత దూరం వెళ్లి గేటు ఫోటో ఒక్కటి తీసుకుని వచ్చారు. అది విన్నాక నాకు చాలా బాధేసింది. అప్పటి నుంచీ ఎవరు అడిగినా ఊళ్ల సంఖ్య తగ్గించమనే చెబుతున్నాను.

పారిస్‌ను చివర పెట్టమనడానికి కారణం ఉంది. షార్ల్ ద గాల్ విమానాశ్రయం రెండో టెర్మినల్ కిందే టీజీవీ అనే వేగపు రైళ్ల స్టేషన్ ఉంది. అక్కణ్ణుంచి లియోన్‌కు నేరుగా రెండు గంటలు. సామానుతో పారిస్ ఊళ్లోకి వెళ్లి, రెండు రోజులకే మళ్లీ సర్దుకుని బయల్దేరే శ్రమ తప్పుతుంది. ఇక్కడ రైల్వే సమ్మెలు మామూలే. తిరుగు విమానం రోజున మీరు పారిస్‌లోనే ఉంటే రైలు లేదన్న టెన్షన్ ఉండదు. ఒక జాగ్రత్త తీసుకోండి: దిగిన రోజు రైలు టికెట్టును విమానం దిగే సమయానికి కనీసం నాలుగు గంటల తర్వాతకు పెట్టుకోండి. ఇమిగ్రేషన్ క్యూ ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఇంకో కారణం కూడా ఉంది, అది ఆర్ల్ దగ్గర చెబుతాను.

లియోన్‌లో రెండు రాత్రులంటే చేతికి వచ్చేది ఒక నిండు రోజు, కొంత సాయంత్రం. పొద్దున పాత లియోన్ నుంచి ఫునిక్యులర్ (కొండ ఎక్కే చిన్న రైలు) ఎక్కి ఫూర్వియేర్ కొండ మీదికి వెళ్లండి. పెద్దవాళ్లకు ఒక్క మెట్టు ఎక్కే పని లేకుండా పైన చర్చి ముందే దించుతుంది. ఊరంతా, రెండు నదులూ అక్కణ్ణుంచి కనిపిస్తాయి. పక్కనే రోమన్ల థియేటర్ ఉంది. క్రీ.పూ. 43లో రోమన్లు కట్టుకున్న లుగ్దునుమ్ అనే ఊరు ఇదే. తర్వాత కిందికి దిగి పాత వీధుల్లో నడవండి. ఒక వీధి తలుపు తోసి లోపలికి వెళితే ఇళ్ల మధ్యగా సందు, ముంగిలి, మెట్లు దాటి వేరే వీధిలో తేలే దారులు ఉన్నాయి. వాటిని త్రబూల్ అంటారు. సేన్ జాన్ వీధిలో 54వ నంబరు తలుపు నుంచి లోపలికి వెళితే బఫ్ వీధిలో 27వ నంబరు దగ్గర బయటపడతారు. ఆ ఇళ్లలో జనం కాపురం ఉంటున్నారు కాబట్టి గట్టిగా మాట్లాడకుండా నడవాలి. పొద్దున పూట వెళితే తలుపులు తెరిచి ఉండే అవకాశం ఎక్కువ.

మధ్యాహ్నం క్రువా రూస్ కొండ పేటకు వెళ్లండి. మా అత్తగారిది ధర్మవరం. వాళ్లింట్లో రెండు తరాల నేత. ఆమెను అక్కడి నేతగాళ్ల ఇంటి మ్యూజియానికి తీసుకెళ్లాను. మగ్గం పైన డిజైను తీసే జాకార్డు యంత్రం, దానికి వేలాడే అట్టల దండ చూడగానే, గైడు నోరు విప్పకముందే ఏ అట్ట కదిలితే ఏ పోగు లేస్తుందో మాకు ఆవిడే చెప్పడం మొదలుపెట్టారు. చీర అంచుల్లో బుటాలు తీయడానికి మన మగ్గాల మీద వాడే జాకార్డు ఈ ఊరివాడైన జోసెఫ్ మరీ జకార్ పేరుతో వచ్చిందే. 1804 ప్రాంతంలో ఆయన దాన్ని తయారుచేశాడు. ఆ పేటలో ఇళ్ల కప్పులు మామూలు ఇళ్లకంటే చాలా ఎత్తు, నాలుగు మీటర్ల దాకా ఉంటాయి. ఆ మగ్గం పట్టాలి కదా! కూలి గిట్టక ఆ నేతగాళ్లు 1831లో, 1834లో తిరగబడ్డారు కూడా. మీ ఇంట్లో ఎవరికైనా చీరల మీద, నేత మీద ఇష్టం ఉంటే ఈ ఒక్క పూట కోసమైనా లియోన్‌లో ఆగండి.

లియోన్ నుంచి అవిన్యోన్‌కు టీజీవీలో గంటా పది నిమిషాలు. ఇక్కడ స్టేషన్ల పేర్ల గురించి ఆగి చెప్పాలి. ప్లాన్లు ఎక్కువగా చెడేది వీటి దగ్గరే.

అవిన్యోన్‌కు రెండు స్టేషన్లు. టీజీవీ స్టేషన్ ఊరి బయట, సాంత్ర్ స్టేషన్ కోటగోడను ఆనుకుని. టీజీవీలో దిగితే పక్క ప్లాట్‌ఫారం నుంచి చిన్న రైలు ఐదు నిమిషాల్లో సాంత్ర్‌కు చేరుస్తుంది. టికెట్టు కొనేటప్పుడే ఆ ముక్క కూడా కలిపి కొనండి. లియోన్‌లో మీకు కావలసింది పార్ దియూ స్టేషన్. పారిస్‌లో ‘గార్ ద లియోన్’ అని ఒక స్టేషన్ ఉంది. అది లియోన్‌లో లేదు, పారిస్‌లో దక్షిణం వైపు రైళ్లు బయల్దేరే చోటు. ఈ పేరు చూసి ఖంగారుపడినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది ‘నీమ్ పోన్ దు గార్’ అనే కొత్త స్టేషన్. పేరు చూస్తే వంతెన పక్కనే అనిపిస్తుంది. ఒకసారి అత్తగారిని, మామగారిని తీసుకుని నేనూ అలాగే అనుకుని అక్కడ దిగాను. చుట్టూ పొలాలు. వంతెన అక్కడికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. మే నెల ఎండలో, వాళ్లిద్దరినీ నిలబెట్టి టాక్సీ కోసం గంటకు పైగా చూశాను. మ్యాపు ముందే చూసుకోకపోవడం పూర్తిగా నా పొరపాటే. మీరు మాత్రం వంతెనకు అవిన్యోన్ నుంచి బస్సులోనే వెళ్లండి. సాంత్ర్ స్టేషన్ పక్కనున్న బస్టాండులో ఎక్కాలి, ముప్పావు గంట ప్రయాణం. బస్సులు తక్కువ, ఆదివారాలూ సెలవులూ మరీ తక్కువ. తిరుగు బస్సు సమయం ఫోటో తీసి పెట్టుకోండి.

అవిన్యోన్‌లో హోటల్ కోటగోడల లోపలే తీసుకోండి, వోర్లోజ్ చౌక్‌కు దగ్గరలో. కొంచెం ఖరీదెక్కువైనా పెద్దవాళ్లు మధ్యాహ్నం వచ్చి గంట పడుకుని మళ్లీ బయల్దేరడానికి వీలుంటుంది. పాత భవనాల్లో చాలావాటికి లిఫ్టు ఉండదు. బుక్ చేసేముందు ‘అసాన్సర్’ ఉందా అని మెయిల్ పెట్టి రాతలో జవాబు తెప్పించుకోండి.

1309 నుంచి 1377 దాకా పోపులు రోములో కాకుండా ఇక్కడ ఉండి పాలించారు, వరసగా ఏడుగురు. వాళ్ల కోసం కట్టిన ప్యాలెస్ ఇక్కడ చూడవలసిన మొదటిది. చూడ్డానికి రాజభవనం కంటే కోటలా ఉంటుంది. లోపల గదులు ఇప్పుడు దాదాపు ఖాళీ. టికెట్టుతో పాటు ఇచ్చే ట్యాబ్లెట్‌ను గదిలో ఎత్తి పట్టుకుంటే ఆ గది అప్పట్లో ఎలా ఉండేదో తెర మీద కనిపిస్తుంది. మెట్లు చాలా ఉన్నాయి, కనీసం రెండు గంటలు పెట్టుకోండి. వెనకాలే రోషే దే దోమ్ అనే తోట ఉంది, టికెట్టు అక్కర్లేదు. అక్కడి నుంచి రోన్ నది, అందులో సగానికి ఆగిపోయిన సేన్ బెనెజే వంతెన కనిపిస్తాయి. ఒకప్పుడు 22 కమానులు, వరదలకు కొట్టుకుపోగా మిగిలినవి 4. వంతెన మీదికి వెళ్లడానికి వేరే టికెట్టు ఉంది గానీ, తోటలోంచి చూస్తే చాలని నా ఉద్దేశం.

ఇప్పుడు పోన్ దు గార్. ఈ ప్రయాణం మొత్తంలో ఒక్కటే చూడగలిగితే దీన్నే చూడమంటాను. మా నాన్నగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా నాగార్జునసాగర్ కుడి కాలువ మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఫ్రాన్స్‌లో ఏ చర్చి చూపించినా బాగుందమ్మా అని ఊరుకునేవారు. ఈ వంతెన ముందుకు తీసుకెళ్తే రెండు గంటలు కదల్లేదు.

ఇది మనుషులు నడవడానికి కట్టింది కాదు, నీళ్లు నడవడానికి. ఊజెస్ దగ్గరి ఊటల నుంచి నీమ్ ఊరికి నీళ్లు తేవడానికి రోమన్లు క్రీ.శ. మొదటి శతాబ్దంలో 50 కిలోమీటర్ల కాలువ తవ్వారు. మధ్యలో గార్దోన్ నది అడ్డం వస్తే మూడు అంతస్తుల కమానులు కట్టి దాని మీదుగా నీళ్లు దాటించారు. ఎత్తు దాదాపు 49 మీటర్లు. కింది రెండు అంతస్తుల రాళ్లకు సున్నం పెట్టలేదు, చెక్కి ఒకదాని మీద ఒకటి పేర్చారు. మా నాన్నను నిలబెట్టేసింది మాత్రం ఎత్తు కాదు, వాలు. మొత్తం 50 కిలోమీటర్లకూ కలిపి కాలువ దిగేది దాదాపు 12 మీటర్లే. కిలోమీటరుకు జానెడు కంటే కాస్త ఎక్కువ. “ఈ కొండల్లో, చేతి పరికరాలతో ఈ లెవెల్స్ తీసినవాడికి దండం పెట్టాలి” అన్నారు. అక్కడి మ్యూజియంలో కాలువ గోడలకు గట్టిపడిన సున్నపు పొర ముక్కలు పెట్టారు. శతాబ్దాల పాటు నీళ్లు పారి, చివర్లో శుభ్రం చేసేవాళ్లు లేక కాలువను పూడ్చేసిన పొర అది. దాని ముందు ఆయన ఇంకో అరగంట నిలబడ్డారు. మీ నాన్నగారి ఉద్యోగం ఏమిటో మీరు రాయలేదు గానీ, సివిల్ పనులతో సంబంధం ఉన్నవారైతే ఆ రోజు వేరే ఏదీ పెట్టుకోకండి.

ఇక ఆర్ల్. అవిన్యోన్ సాంత్ర్ స్టేషన్ నుంచి రైల్లో ఇరవై నిమిషాలే. శనివారం అయితే మరీ మంచిది, లీస్ బులవార్ పొడవునా సంత జరుగుతుంది. ఊరి మధ్యలో రోమన్ల ఆట మైదానం ఉంది, ఒకప్పుడు 20,000 మంది పట్టేది. రోమన్లు పోయాక జనం దాన్ని కోటగా మార్చుకుని లోపలే ఇళ్లు కట్టుకుని వందల ఏళ్లు కాపురాలు చేశారు. ఆ ఇళ్లను 19వ శతాబ్దంలో తీసేశారు. కోటగా ఉన్నప్పుడు కట్టిన కాపలా బురుజులు ఇంకా కనిపిస్తాయి. మెట్లు ఎత్తుగా ఉంటాయి, పెద్దవాళ్లు కింది వరసలో కూర్చుంటే చాలు.

విన్సెంట్ వాన్ గోగ్ 1888 ఫిబ్రవరి నుంచి 1889 మే దాకా ఆర్ల్‌లో ఉన్నాడు. ఆ పదిహేను నెలల్లో దాదాపు 200 చిత్రాలు వేశాడు. ఆయన చిత్రాల కోసమే ఆర్ల్ వెళ్లి నిరాశపడేవాళ్లు చాలామంది. ఆయన అద్దెకున్న పసుపు ఇల్లు 1944 బాంబు దాడిలో దెబ్బతిన్నది, ఇప్పుడు లేదు. చిత్రాలు కూడా ప్రపంచమంతా చెదిరిపోయాయి. ఆర్ల్‌లో చూడవలసింది ఆయన చూసిన చోటును. సాయంత్రం రోన్ నది గట్టు మీద కాసేపు నిలబడండి. నదిలో దీపాల వెలుగులు పడుతున్న ఆ రాత్రి చిత్రాన్ని ఆయన అక్కడే వేశాడు. అది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. పారిస్‌ను చివర పెట్టమనడానికి ఉందన్న ఇంకో కారణం ఇదే. గట్టు మీద నిలబడి నాలుగు రోజులు కాకముందే ఆ చిత్రం ముందు నిలబడతారు. మా అమ్మకు బొమ్మల గురించి ఏమీ తెలియదు. “ఇది మనం నిలబడిన చోటే కదా!” అని గుర్తుపట్టింది. ఓర్సేకు సోమవారం సెలవు, లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం. పారిస్ మూడు రోజులు దానికి తగ్గట్టు పెట్టుకోండి. పారిస్ గురించి రాసినవాళ్లు వేలమంది ఉన్నారు కాబట్టి నేను ఇక్కడితో ఆపుతాను.

కారు విషయం. ఈ రూటుకు వద్దు. పాత ఊళ్ల మధ్యభాగంలోకి కార్లను రానివ్వరు, పార్కింగు దూరంగా, ఖరీదుగా ఉంటుంది. ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో వదిలితే అదనపు రుసుము. పైగా ఇక్కడ నడపడం రోడ్డుకు కుడివైపు. గోర్ద్, రుస్సియోన్ లాంటి కొండ పల్లెలు చూడాలనుకుంటే మాత్రం రైలు పనికిరాదు. అప్పుడు అవిన్యోన్ నుంచి డ్రైవరు ఉన్న చిన్న వ్యాన్ టూర్ ఒక రోజుకు తీసుకోండి.

టీజీవీ టికెట్లు ప్రయాణానికి మూడు నాలుగు నెలల ముందు అమ్మకానికి వస్తాయి. రోజులు గడిచేకొద్దీ ధర పెరుగుతుంది. ఆర్ల్ వైపు వెళ్లే టీఈఆర్ అనే ప్రాంతీయ రైళ్లకు ఆ బాధ లేదు, అదే రోజు కొనుక్కోవచ్చు. మీకు వీసా రాకముందే టీజీవీ టికెట్లు కొనాల్సి రావచ్చు కాబట్టి రద్దు షరతులు చదివి, డబ్బు వెనక్కి వచ్చే రకమే తీసుకోండి. హోటళ్లు కూడా అంతే. వీసాకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. సూట్‌కేసులన్నిటికీ పేరు రాసిన ట్యాగు కట్టండి, రైల్లో అది తప్పనిసరి. రాళ్లు పరిచిన వీధుల్లో పెద్ద సూట్‌కేసు లాగడం నరకం. మనిషికి ఒక మధ్య సైజు పెట్టె చాలు.

తిండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకానే వంట చేస్తారు. రెండు దాటి వెళితే పానీయాలు తప్ప ఏమీ దొరకదు. రాత్రి ఏడు తర్వాతే. పెద్దవాళ్లకు షుగర్ ఉంటే ఇది చాలా ముఖ్యం, పన్నెండున్నరకల్లా కూర్చోండి. వెజిటేరియన్ అంటే చేప తింటారనుకునేవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. ‘సాన్ వియాండ్, సాన్ పువసోన్’ అని మాంసం వద్దు, చేప వద్దు అని రెండూ చెప్పాలి. సలాడ్ అని తెప్పిస్తే అందులో ‘లార్దోన్’ అనే పంది మాంసపు ముక్కలు ఉండవచ్చు, ముందే అడగండి. లియోన్‌లో పేరుమోసిన బుషోన్ హోటళ్ల వంట అంతా మాంసమే, మీరు వాటి జోలికి వెళ్లకండి. అవిన్యోన్ వైపు రతతూయ్ అనే వంకాయ, టమాటా, గుమ్మడిజాతి కాయల కూర దొరుకుతుంది, మనవాళ్లకు నచ్చుతుంది. లియోన్‌లోనూ పారిస్‌లోనూ వంటగది ఉన్న అపార్ట్‌హోటల్ తీసుకుంటే రాత్రి పూట అన్నం, పెరుగు, ఇంటి నుంచి తెచ్చిన పచ్చడితో గడిచిపోతుంది. పెరుగు ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతుంది, బాగుంటుంది. హోటల్లో ‘కరాఫ్ దో’ అంటే మంచినీళ్లు ఉచితంగా ఇస్తారు.

ఎవరిని ఏం అడగాలన్నా ముందు ‘బోన్‌జూర్’ అనండి. షాపులో అడుగుపెట్టగానే, బస్సు ఎక్కగానే. అది అనకుండా ఇంగ్లిష్‌లో ప్రశ్న మొదలుపెడితే ఇక్కడివాళ్లకు మర్యాద లేనట్టు అనిపిస్తుంది.

మే నెలలో 1న, 8న సెలవులు. గురువారం వచ్చే అసెన్షన్ పండగ కూడా సాధారణంగా మేలోనే. ఆ వారం చాలామంది శుక్రవారం కూడా సెలవు పెట్టుకుని ఊళ్లకు పోతారు. రైళ్లు, హోటళ్లు నిండిపోతాయి. మే 1న చాలా మ్యూజియాలు, దుకాణాలు, కొన్ని ఊళ్లలో బస్సులు కూడా ఉండవు. అవిన్యోన్ చుట్టుపక్కల ఉత్తరం నుంచి మిస్ట్రాల్ అనే గాలి వీస్తుంది, అది లేచిన రోజు ఎండ కాస్తున్నా వణుకు పుడుతుంది. అమ్మగారికి శాలువా, నాన్నగారికి చెవులు కప్పే టోపీ పెట్టండి.

మీరు దిగే తేదీ, విమానం సమయం, నాన్నగారు ఎంత దూరం నడవగలరో ఇక్కడే రాయండి. పోన్ దు గార్ ఏ రోజు పెట్టుకోవాలో, ఆర్ల్‌కు శనివారం కుదురుతుందో లేదో చూసి రోజువారీగా సర్ది చెబుతాను.